విద్యార్థి తప్పు – అధ్యాపకుని పాఠం

జవాబు పత్రాలు దిద్దే అధ్యాపకుని చేతిలో ఎర్రసిరా కలం ఉంటుంది. ఒప్పు కనబడితే ఒక గుర్తు, తప్పు కనబడితే మరొక గుర్తు. ఈ రెండు గుర్తులతో విద్యార్థి చదువును కొలిచి, మొత్తం కూడి, మార్కుల పట్టికలో చేర్చి మన కర్తవ్యం నెరవేరినదని తృప్తి పడతాం. ఒప్పు రాసినవానికి పాఠం బోధపడినదనీ, తప్పు రాసినవానికి బోధపడలేదనీ మనకు గట్టి నమ్మకం. తల్లిదండ్రులకూ అదే నమ్మకం. విద్యార్థులకూ అదే నమ్మకం. ఈ నమ్మకానికి గల బలమెంతో విచారించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. విచారణకు పూర్వం మా తరగతిలో జరిగిన ఒక చిన్న సంఘటనను పాఠకులకు మనవి చేయడం అవసరమని తోస్తున్నది. అది మాకు గర్వకారణమైన సంఘటన కాదు.

ఉర్దూ మాధ్యమంలో పదవ తరగతి ముగించి మా వద్ద ఇంటర్మీడియట్‌లో చేరిన ఒక విద్యార్థి 'గాలివాన' అనే అంశంపై వ్యాసం రాసి తెచ్చాడు. అందులో వరుసగా ఐదు వాక్యాలు ఇట్లా ఉన్నాయి: గాలి వీచింది. వాన కురిసింది. చెట్టు పడిపోయాడు. ఇల్లు కూలిపోయాడు. తెల్లవారి సూర్యుడు ఉదయించాడు. మేము ఆ వ్యాసాన్ని తరగతిలో పైకి చదివాము. మూడవ వాక్యం దగ్గర తరగతి ఘొల్లున నవ్వింది. మేమూ నవ్వాము. అంతటితో ఆగక, "చెట్టుకు మీసాలు కూడా మొలిచినవా నాయనా?" అని చమత్కరించాము. మూడు వాక్యాలు ఒప్పు, రెండు తప్పు అని గుర్తులు పెట్టి పుస్తకం తిరిగి ఇచ్చాము. ఆ విద్యార్థి నవ్వలేదు. ఆ సంవత్సరమంతా మళ్లీ తెలుగు తరగతిలో తానుగా నోరు విప్పనూ లేదు. అతనికి శ్రద్ధ లేదని మేము అనుకున్నాము.

ఆ అభిప్రాయం తప్పని మాకు తెలియజేసినది వ్యాకరణ గ్రంథం కాదు. భూమి ఆకారాన్ని గురించి చిన్న పిల్లలను ప్రశ్నించిన ఒక పరిశోధకురాలి కృషి. ఆమె పేరు స్టెల్లా వోస్నియాదు. గ్రీసు దేశీయురాలు. విద్యా మనస్తత్వశాస్త్రంలో, ముఖ్యంగా అభ్యాసకుని మనస్సులో ఒక భావన ఎట్లా రూపొందుతుంది, ఎట్లా మారుతుంది అనే విషయంలో ఆమె చేసిన పరిశోధన లోకప్రసిద్ధమైనది. విలియం బ్రూవర్ అనే మనస్తత్వశాస్త్రవేత్తతో కలిసి ఆమె అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జరిపిన ఒక పరిశీలన 1992లో ప్రకటితమైనది. ఒకటవ, మూడవ, ఐదవ తరగతులు చదివే పిల్లలను, తరగతికి 20 మంది చొప్పున, మొత్తం 60 మందిని వారు ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మాట్లాడించారు.

"భూమి ఏ ఆకారంలో ఉంటుంది?" అన్న ప్రశ్నకు పిల్లలు సాధారణంగా "గుండ్రంగా" అనే అంటారు. మన పరీక్షలలో అయితే కథ అక్కడితో ముగుస్తుంది, మార్కు పడుతుంది. వోస్నియాదు అక్కడి నుండి మొదలు పెట్టినది. భూమి బొమ్మ గీయమన్నది. అందులో మనుషులు ఎక్కడ నివసిస్తారో చూపమన్నది. తిన్నగా ఒకే దిశలో ఎన్నో రోజులు నడిచిపోతే ఎక్కడికి చేరుతావు? భూమికి అంచు ఉన్నదా? ఆ అంచు నుండి కింద పడిపోవడం జరుగుతుందా? ఈ ప్రశ్నలకు జవాబు ఏ పాఠ్యపుస్తకంలోనూ అచ్చయి ఉండదు. కనుక కంఠస్థం చేసి చెప్పడానికి వీలు లేదు. పిల్లవాడు తన మనస్సులో కట్టుకున్న భూమిని ఒకసారి తేరిపార చూసుకొని అక్కడి నుండి జవాబు తీసుకొని రావలసినదే. జ్ఞాపకాన్ని అడిగే ప్రశ్న వేరు, ఆలోచనను పుట్టించే ప్రశ్న వేరు అని ఆ పరిశోధకులు చేసిన విభజన బోధనలో ఉన్నవారందరూ మననం చేసుకోదగినది.

ఇక వచ్చిన ఫలితాలు చూడండి. 60 మందిలో శాస్త్రసమ్మతమైన గోళాకార భూమి మనస్సులో ఉన్నవారు 23 మంది మాత్రమే. 12 మంది పిల్లల భూమి ఒక బోలు గోళం. దాని లోపల అడుగున చదునైన నేల, ఆ నేల మీద మనం, పైన ఆకాశపు కప్పు. 8 మందికి భూములు రెండు; ఒకటి ఆకాశంలో ఎక్కడో గుండ్రంగా తిరిగేది, రెండవది మన కాళ్ల కింద చదునుగా ఉండేది. నలుగురికి భూమి పైనా కిందా అణిగిన ఉండ. ఒకరికి పళ్లెం, మరొకరికి నలుచదరపు పలక. మిగిలిన 11 మంది జవాబులు ఏ ఒక్క నమూనాకూ పొసగలేదు. పళ్లెం కూడ గుండ్రమే కదా! మన తెలుగులో 'గుండ్రం' అన్న మాట పళ్లేనికీ చెల్లుతుంది, బంతికీ చెల్లుతుంది. ఉర్దూలో 'గోల్' కూడ అంతే. మాట ఒకటే అయినంత మాత్రాన చెప్పినవాని మనస్సులోని వస్తువు, విన్నవాని మనస్సులోని వస్తువు ఒకటే కానక్కరలేదు.

ఈ అంకెలలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి ఉన్నది. రెండు భూములున్నవని భావించినవారు ఒకటవ తరగతిలో ఆరుగురు, మూడవ తరగతిలో ఇద్దరు, ఐదవ తరగతిలో ఒక్కరూ లేరు. సంతోషించదగిన విషయమే. సరియైన గోళాన్ని ఊహించినవారు కూడ 3 నుండి 8కి, 8 నుండి 12కు పెరిగారు. కాని బోలు గోళం మాటేమిటి? ఒకటవ తరగతిలో ఇద్దరు, మూడవ తరగతిలో నలుగురు, ఐదవ తరగతిలో ఆరుగురు! ఆ 60 మందిలో, పై తరగతికి పోయిన కొద్దీ ఈ పొరపాటు తరగలేదు, పెరిగినది. పై తరగతుల పిల్లలు చదువును నిరాకరించలేదు. గురువు చెప్పిన 'గుండ్రం' అన్న మాటను శిరసావహించారు. అయితే తమ కళ్లకు నిత్యం కనబడే చదునైన నేలను విడువలేదు. రెంటికీ చెడకుండా రెంటినీ పొదిగి ఒక చక్కని కట్టడం కట్టుకున్నారు. దానిలో గుండ్రమూ ఉన్నది, చదునూ ఉన్నది. ఎవరూ కింద పడిపోరు కూడ. అది అసత్యమే కావచ్చు. అవివేకం మాత్రం కాదు.

వోస్నియాదు సిద్ధాంతం యొక్క సారం ఇక్కడే ఉన్నది. పిల్లవాడు బడికి వచ్చేనాటికి అతని మనస్సు రాయని పలక కాదు. నేల చదునుగా ఉంటుంది, ఆధారం లేని వస్తువు కిందికి పడుతుంది అనే అనుభవాలు పసితనం నుండి పోగుపడి ఒక చట్రంగా బిగిసి ఉంటాయి. ఆ చట్రాన్ని అతనికి ఎవరూ నేర్పలేదు. కనుక అది తనలో ఉన్నట్లు కూడ అతనికి తెలియదు. కొత్త పాఠం ఆ చట్రానికి అనుకూలమైతే సులభంగా ఇముడుతుంది. విరుద్ధమైతే పిల్లవాడు పాఠాన్నే కొంత వంచి, చట్రాన్ని కొంత సడలించి, మధ్యేమార్గంగా మూడవదొకటి కల్పించుకుంటాడు. దీనినే ఆమె పాతకొత్తల మేళవింపుతో ఏర్పడిన నమూనా అన్నది. ఈ ఆలోచనకు పూర్వులు లేకపోలేదు. పిల్లలు ప్రపంచాన్ని ఎట్లా ఊహిస్తారో ఓపికతో అడిగి తెలుసుకున్న మొదటివారిలో స్విట్జర్లాండుకు చెందిన పియాజే ముఖ్యుడు. అభ్యాసకునికి ముందుగా తెలిసియున్నదేదో కనుగొని, దానిని బట్టి బోధించాలని అమెరికాకు చెందిన ఆసుబెల్ 1968లోనే నొక్కి చెప్పాడు. భూమిని గురించిన పిల్లల భావాలను నస్‌బామ్, నోవాక్ అనేవారు 1976లో పరిశీలించారు. అయితే తప్పుల కుప్పగా కనబడే దానిలో ఒక పొందిక ఉన్నదని, దానికి మూలమైన చట్రం ఇదని విప్పి చూపడం వోస్నియాదు ప్రత్యేకత.

ఈ పరిశోధనకు మన హైదరాబాదుతో సంబంధమున్నదని తెలిసినప్పుడు మాకు కలిగిన ఆసక్తి ఇంతా అంతా కాదు. అలా సమరపుంగవన్ అనే పరిశోధకురాలు వోస్నియాదు, బ్రూవర్‌లతో కలిసి ఇవే ప్రశ్నలను హైదరాబాదులోని చిన్న తరగతుల పిల్లలకు వేసినది. ఆ ఫలితాలు 1996లో వెలువడ్డాయి. నేల చదునుగా ఉండాలి, ఆధారం లేనిది పడిపోతుంది అనే అడుగు చట్రం ఇక్కడి పిల్లలలోనూ ఉన్నది. అయితే ఆ ఆధారం ఏమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు హైదరాబాదు పిల్లలలో పలువురు భూమి నీటి మీద నిలిచి ఉన్నదని తలచారు. అమెరికా పిల్లలలో ఇంతగా కానరాని ఈ ఊహ మన జానపద విశ్వగాథల నుండి వచ్చినదని పరిశోధకులు నిర్ణయించారు.

మన ఇండ్లలో పెరిగినవారికి ఇది వింత కాదు. ఒక ఇంటిలో నాయనమ్మ ఆదిశేషుని పడగల మీద భూమి నిలిచి ఉన్నదని చెబుతుంది. పక్క ఇంటిలో దాదీమా భూమి ఎద్దు కొమ్ము మీద ఉన్నదనీ, ఆ ఎద్దు చేప మీద నిలుచున్నదనీ, కొమ్ము మార్చుకున్నప్పుడు భూకంపం వస్తుందనీ చెబుతుంది. కథలు వేరు, వాటి వెనుక ఉన్న ప్రశ్న ఒకటే: ఇంత బరువైన భూమి కింద పడకుండా ఎందుకున్నది? ఇల్లినాయ్ పిల్లవానికీ, హైదరాబాదు పిల్లవానికీ పుట్టినది ఒకే సందేహం. సమాధానానికి కావలసిన సామగ్రిని మాత్రం ఎవరి ఇంటి నుండి వారు తెచ్చుకున్నారు.

ఈ మాట చదివిన తరువాతనే మాకు గాలివాన వ్యాసం జ్ఞాపకం వచ్చినది. ఆ విద్యార్థిని గ్రంథాలయంలో పక్కన కూర్చోబెట్టుకొని, "గాలి వీచింది అని ఒప్పుగా రాసినవాడివి చెట్టు దగ్గర ఎందుకు తప్పావు?" అని అడిగాము. అతడు కొంతసేపు తటపటాయించి, "సార్, హవా ముఅన్నస్, దరఖ్త్ ముజక్కర్ కదా!" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా కళ్లు తెరచుకున్నాయి. ఉర్దూలో ప్రతి నామవాచకానికీ లింగం ఉన్నది. హవా, బారిష్ స్త్రీలింగాలు. కనుక గాలి వీచింది, వాన కురిసింది. దరఖ్త్, మకాన్ పుంలింగాలు. కనుక చెట్టు పడిపోయాడు, ఇల్లు కూలిపోయాడు. సూరజ్ కూడ పుంలింగమే. కనుక సూర్యుడు ఉదయించాడు. ఐదు వాక్యాలూ ఒకే సూత్రం నుండి పుట్టినవి! మేము ఒప్పు గుర్తు పెట్టిన మూడు వాక్యాలలో కూడ అతనికి తెలుగు లింగవ్యవస్థ బోధపడలేదు. మేము తప్పు గుర్తు పెట్టిన రెండు వాక్యాలలో కూడ అతడు అజాగ్రత్తగా లేడు. గుర్తులు ఐదూ వాక్యాలకే చెందినవి. వాటి వెనుక ఉన్న తలపును మేము ఒక్కసారి కూడ చూడలేదు.

మహత్తు, మహతి, అమహత్తు అనే మూడు పేర్లను మేము పాఠం చెప్పాము. అతడు అప్పజెప్పాడు కూడ. అయితే తన ఇంటి భాషలోని ముజక్కర్, ముఅన్నస్ అనే రెండు గదులలోనే ఆ మూడు పేర్లను సర్దుకున్నాడు. అతనిది బోలు గోళం వంటి వ్యాకరణం. దానిని కదలించడానికి "తప్పు, తప్పు" అని ఎన్నిసార్లు అన్నా ప్రయోజనం లేదు. అతనిలోని సూత్రాన్ని మొదట అతనికే చూపించాలి. తరువాత ఆ సూత్రం విరిగిపోయే ఉదాహరణ ఇవ్వాలి. మేము 'ఎద్దు' అన్న మాట ఇచ్చాము. ఎద్దు నిస్సందేహంగా మగ జంతువు. ఉర్దూలో బైల్ పుంలింగం. మరి తెలుగువారు "ఎద్దు వచ్చింది" అంటారే గాని "వచ్చాడు" అనరు. కోడిపుంజు కూడ "కూసింది" అనే అంటాం. విద్యార్థి చాలాసేపు ఆలోచించాడు. "అయితే సార్, తెలుగులో మగతనం చాలదు, మనిషి కూడ కావాలి" అన్నాడు. సూర్యుణ్ణి, చంద్రుణ్ణి మనం పురుషులుగా ఊహించి పిలుస్తాం గనుకనే 'డు' వచ్చినదని ఆ వెంటనే తానే పోల్చుకున్నాడు. ఆమె వచ్చినా, బండి వచ్చినా ఏకవచనంలో "వచ్చింది" అనే అంటూ, బహువచనంలో మాత్రం స్త్రీలను పురుషులతో చేర్చి "వచ్చారు" అనడం ఎంత విచిత్రమో గమనించి ఆశ్చర్యపడ్డాడు. పుట్టినప్పటి నుండి తెలుగు మాట్లాడే ఆ తరగతిలోని మిగిలినవారు ఆ విచిత్రాన్ని ఏనాడూ గమనించలేదు.

పూర్వపు విద్వాంసులు ఈ మర్మం ఎరుగనివారు కారు. ఆర్యభటుడు సా.శ. 499 నాటి తన గ్రంథంలో భూమి గోళమని చెప్పి ఊరకుండలేదు. కడిమి పువ్వు బంతి చుట్టూ అన్ని వైపులా రేకులు నిలిచినట్లే భూగోళం చుట్టూ ప్రాణులు నిలిచి ఉన్నవని పోల్చాడు. కింద ఉన్నవారు పడిపోరా అని వినేవానికి కలిగే సందేహాన్ని ముందే పసికట్టి, ఆ సందేహానికే ఉపమానం ఇచ్చాడు. పదకొండవ శతాబ్దిలో ఒక కొండ ఎత్తునూ, దాని మీది నుండి దిఙ్మండలం వంగిన కోణాన్నీ కొలిచి భూమి వ్యాసార్ధాన్ని గణించిన అల్ బిరూనీ, హిందూదేశాన్ని గురించి రాసినప్పుడు ఇక్కడి జ్యోతిషుల మతాన్నీ, పురాణాల మతాన్నీ రెంటినీ సావధానంగా నమోదు చేశాడు. తనకు సమ్మతం కాని అభిప్రాయాన్ని కూడ ముందు పూర్తిగా వినడం పండితుని లక్షణం. మన తరగతి గదిలో ఆ లక్షణం ఎందుకు కరువైనదో ఆలోచించవలసి ఉన్నది.

వోస్నియాదు సిద్ధాంతాన్ని అందరూ అంగీకరించలేదని కూడ చెప్పడం మా ధర్మం. కాలిఫోర్నియాకు చెందిన డిసెస్సా 1988 నుండి భిన్నమైన మతాన్ని ప్రతిపాదించాడు. అభ్యాసకుని తెలివి ఒక పొందికైన కట్టడం కాదు, సందర్భాన్ని బట్టి పైకి వచ్చే చిన్న చిన్న తునకల సముదాయమని అతని వాదం. ఇంగ్లండులో నోబ్స్, అతని సహచరులు 2003లో ప్రకటించిన పరిశీలనలో ఆసియా సంతతి పిల్లలకూ, తెల్లవారి పిల్లలకూ ఈ విషయంలో చెప్పుకోదగిన భేదం కనబడలేదు. పిల్లలలో స్థిరమైన తప్పుడు నమూనాల కంటె తునకలుగా ఉన్న తెలివే వారికి కనబడినది. బొమ్మ గీయమనడం, పదే పదే ప్రశ్నించడం వల్లనే పిల్లలు తికమక పడతారని ఈ పక్షంవారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణ త్రోసిపుచ్చదగినది కాదు. పెద్దవారు ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగితే మొదటి జవాబు తప్పేమోనని జవాబు మార్చే పిల్లలను మనమందరం చూచినవారమే.

ఈ వివాదాన్ని తీర్చే అధికారం మాకు లేదు. కాని తరగతి గదిలో నిలబడినవానికి రెండు పక్షాల నుండీ వచ్చే ఉపదేశం ఒకటే అని మా అభిప్రాయం. విద్యార్థి మనస్సులో ఉన్నది కట్టడమైనా, తునకలైనా, అడుగకుండా తెలిసేది కాదు. రెండవ పక్షం దీనికి ఒక హెచ్చరికను జోడిస్తున్నది: అడిగే తీరు కూడ సౌమ్యంగా ఉండాలి, ఒక్క జవాబును పట్టుకొని విద్యార్థి మీద ముద్ర వేయరాదు. వెక్కిరింత వినబడిన చోట ఏ విద్యార్థీ తన మనస్సులోని నమూనాను బయట పెట్టడు. మా తరగతిలో సంవత్సరమంతా మౌనంగా కూర్చున్న ఆ విద్యార్థి మాకు తెలివిని దాచలేదు, తప్పును దాచుకున్నాడు. తప్పును దాచుకొనడం అలవాటైనవానికి నేర్పడం ఏ అధ్యాపకుని తరమూ కాదు.

ఈ విషయం మన వంటి కళాశాలకు మరింత ముఖ్యమైనది. మన విద్యార్థి ఇంటిలో ఒక భాష, బజారులో ఒక భాష, పాఠ్యపుస్తకంలో ఒక భాష వింటాడు. ఈ వార్షిక సంచికలోనే ఒక కొస నుండి తెలుగు, మరొక కొస నుండి ఉర్దూ మొదలవుతాయి. ఇన్ని భాషల నడుమ పెరిగినవానికి మాటలు త్వరగా పట్టుబడతాయి. గైడు పుస్తకంలోని జవాబును చిలుక వలె ఒప్పజెప్పడం కష్టం కాదు. ఆ జవాబుకు మార్కులూ వస్తాయి. మూడేండ్లు గడచి పట్టా చేతికి వచ్చిన తరువాత, ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు పుస్తకంలో లేని ప్రశ్న వేస్తారు. అంతవరకు లోపల ఉండిపోయిన బోలు గోళం అప్పుడు బయట పడుతుంది. అప్పటికి దిద్దేవారు దగ్గర ఉండరు.

కావున కళాశాల పాలక సంఘం వారికీ, సహాధ్యాపకులకూ కొన్ని మనవులు చేయదలచాము. ఇందుకు ధనవ్యయం ఏమీ అవసరం లేదు. ప్రతి అంతర్గత పరీక్షలో, ప్రతి సబ్జెక్టులో, కనీసం ఒక్క ప్రశ్న పుస్తకంలో జవాబు లేనిదై ఉండాలి. దానికి మార్కులు జవాబుకు గాక, జవాబుకు చూపిన కారణానికి వేయాలి. కొత్త పాఠం మొదలు పెట్టే ముందు పది నిమిషాలు ఆ విషయంపై విద్యార్థులు ఏమనుకుంటున్నారో అడిగి నల్లబల్ల మీద రాయాలి. పాఠం ముగిసిన తరువాత దానిని మళ్లీ చూడాలి. ఈ పది నిమిషాలలో విద్యార్థి తనకు చేతనైన భాషలో, ఉర్దూ అయినా, తెలుగు అయినా, రెండూ కలిపి అయినా, చెప్పడానికి అనుమతి ఉండాలి. భావం పుట్టినది ఏ భాషలోనో ఆ భాషలోనే దాని చట్రం కనబడుతుంది. దిద్దిన జవాబు పత్రాలను తిరిగి ఇచ్చే గంటను మార్కులు చదివే గంటగా గాక, తప్పులను చర్చించే గంటగా మార్చాలి. సిలబసు పూర్తి కాదని ఆక్షేపించేవారు ఉండవచ్చు. నిజమే, పుటలు కొన్ని తగ్గవచ్చు. అర్థం కాకుండా పూర్తయిన సిలబసు వల్ల విద్యార్థికి ఒరిగేదేమిటో కూడ వారు సెలవియ్యాలి.

విద్యార్థులకు మేము చెప్పవలసినది ఒక్క మాట. మీ జవాబు తప్పని తెలిసినప్పుడు దానిని కొట్టివేసి సరియైనది రాసుకొనడంతో పని ముగియదు. "నేను అట్లా ఎందుకు అనుకున్నాను?" అని ఒకసారి ప్రశ్నించుకోండి. కారణం తప్పకుండా ఉంటుంది. అది మీ బుద్ధిహీనత కాదు. ఆ కారణం చేతికి దొరికినప్పుడే తప్పు వేరుతో సహా ఊడి వస్తుంది. జవాబు ఒప్పు అయినప్పుడు కూడ అదే ప్రశ్న వేసుకోండి. "గాలి వీచింది" అని ఒప్పుగా రాసి, పది పదిహేను ఏండ్లు తప్పుడు సూత్రంతో నడిచిపోవడం సాధ్యమేనని పై కథ చెబుతూనే ఉన్నది.

ఆ విద్యార్థికి మేము తరగతిలో, అందరి ఎదుట, క్షమాపణ చెప్పుకున్నాము. అతని ఐదు వాక్యాలను నల్లబల్ల మీద రాసి, వాటి వెనుక ఉన్న సూత్రాన్ని అతని చేతనే వివరింపజేశాము. ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనుక బల్ల నుండి ఒక తెలుగు విద్యార్థి లేచి, "సార్, మరి ఉర్దూలో కుర్సీ ఎందుకు స్త్రీలింగం?" అని అడిగాడు. మాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పాము. ఆ గంట ముగిసేవరకు ఆ ఇద్దరు విద్యార్థులే తరగతిని నడిపారు. మేము వెనుక బల్ల మీద కూర్చొని విన్నాము.